పశువైద్యంలో నేటి పోకడలు – అంగడికి అందేవి, అందనివి

పశువైద్యుడు అనగానే మా తాతగారి తరానికి ఒక రూపం కళ్ళ ముందు మెదిలేది. గేదె ఈనలేక బాధపడుతుంటే అర్ధరాత్రి వచ్చి, చొక్కా విప్పి, మోచేతి దాకా సబ్బు నురుగు పూసుకుని దూడను బయటికి తీసే మనిషి. ఇప్పుడు పట్నంలో పుట్టి పెరిగిన మా తరగతి మిత్రుణ్ణి అడిగితే, పశువైద్యుడు అంటే కుక్కపిల్లకు టీకాలు వేసే డాక్టరు అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఒకే చదువు, ఒకే పట్టా, ఒకే శాస్త్రం. కాని ఆ వృత్తి ఈనాడు రెండు దారుల్లో నడుస్తున్నది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. జంతువుల వైద్యంలో కొంత భాగం ఎవరికి వారు డబ్బు పెట్టి కొనుక్కోగలిగినది. మరికొంత భాగం ఎంత డబ్బున్నా ఒక్కరుగా కొనుక్కోలేనిది. ఊరంతా కలిస్తే తప్ప దొరకనిది. మొదటిది చూస్తుండగానే పెరిగిపోతున్నది. రెండవది వెనకబడితే మొదటిదానికీ ముప్పు తప్పదు. నేను జంతుశాస్త్రం చదువుతున్న విద్యార్థిని మాత్రమే, పశువైద్యుణ్ణి కాను. అయితే రెండు గేదెలు, ఒక ఆవు, పాతిక గొర్రెలు, వాటికి కాపలాగా ఒక కుక్క ఉన్న ఇంట్లో పుట్టాను. కనుక పుస్తకంలో చదివినదాన్ని పశువుల కొట్టంలో చూసినదానితో సరిచూసుకునే అవకాశం నాకు కలిగింది.

గుర్రం నుంచి కుక్క దాకా

పశువైద్యానికి ప్రత్యేకంగా ఒక విద్యాలయం మొట్టమొదట వెలసినది ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో, 1761లో. దానిని స్థాపించినవాడు క్లోడ్ బూర్జెలా. ఆయన గుర్రపుస్వారీ నేర్పే బడికి అధిపతి. ఆ రోజుల్లో యూరపు అంతటా పశువులను గుంపులు గుంపులుగా చంపుతున్న రోగం ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో దానిని రిండర్‌పెస్ట్ అంటారు. మన ఊళ్ళలో పాతవాళ్ళు ‘పెద్దరోగం’ అనేవారు. ఆ రోగాన్ని ఎదుర్కోవడమే ఆ బడికి అప్పగించిన తొలి పని. అంటే పశువైద్య విద్య పుట్టుకే ఊరుమ్మడి కష్టం నుంచి వచ్చిందన్నమాట.

మన దేశంలో 1889లో పుణెలో ఒక సూక్ష్మజీవి పరిశోధనశాలను నెలకొల్పారు. అంటురోగాల మీద పని చేయాలంటే జనానికి దూరంగా ఉండాలి గదా! అందుకని 1893లో దానిని కుమావూ కొండల్లోని ముక్తేశ్వరానికి తరలించారు. అదే పెరిగి పెద్దదై ఈనాడు బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ అయింది. తెలుగునాట 1946లో హైదరాబాదులోనూ, 1955లో ఆంధ్ర ప్రాంతానికీ పశువైద్య కళాశాలలు ఏర్పడ్డాయి. ఆంధ్ర ప్రాంతపు కళాశాల తరువాత తిరుపతిలో స్థిరపడింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది.

పశువైద్యుని చేతి కింది జంతువు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. సైన్యాలు, బండ్లు గుర్రాల మీద నడిచినంత కాలం గుర్రమే ప్రధానం. మోటారు వచ్చాక గుర్రం తప్పుకుంది. పాలిచ్చే ఆవు ఆ స్థానంలోకి వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో ఇరవయ్యో శతాబ్దం రెండవ భాగం నుంచి కుక్క, పిల్లి ముందుకు వచ్చాయి. జీతం ఎక్కడ వస్తుందో వృత్తి అక్కడికి పోతుంది. ఇందులో వింతేమీ లేదు. అలా పోయినప్పుడు వెనుక మిగిలిపోయేది ఏమిటన్నదే మనం చూడవలసింది.

పెంపుడు జంతువుల అంగడి

మా హాస్టలుకు వెళ్ళే దారిలో కుక్కల ఆసుపత్రి ఒకటి ఉన్నది. అద్దాల తలుపు, చల్లని గది, ఎక్స్‌రే, స్కానింగు, రక్తపరీక్షలు, పక్కనే మేతల దుకాణం, బొచ్చు కత్తిరించి స్నానం చేయించే గది – అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. మొదట చూసినప్పుడు నాకు నవ్వు వచ్చిన మాట నిజమే. ఆలోచిస్తే నవ్వవలసినది కాదు. ఇంట్లో ఇద్దరే ఉండి, పిల్లలు అమెరికాలో ఉన్న ముసలి దంపతులకు ఆ కుక్కే మాటా మంతీ. బాగా చూసుకుంటే కుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. అంతకాలం బతికిన కుక్కకు మనుషులకు వచ్చినట్టే మధుమేహం, మూత్రపిండాల జబ్బు, క్యాన్సరు వస్తాయి. వాటికి చికిత్స కావాలి. కనుక పశువైద్యంలో కంటికి వేరు, చర్మానికి వేరు, ఎముకలకు వేరు నిపుణులు తయారవుతున్నారు. 1978 ప్రాంతంలో పార్వో అనే కొత్త వైరసు ప్రపంచమంతటా కుక్కపిల్లలను రక్తవిరేచనాలతో చంపింది. కొద్ది ఏళ్ళలోనే దానికి టీకా వచ్చింది. అంత వేగంగా రావడానికి శాస్త్రజ్ఞుల ప్రతిభతో పాటు, కొనేవాళ్ళు ఉండడం కూడా కారణమే.

ఈ అంగడి ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. మార్స్ అనే కంపెనీ పేరు మనకు చాక్‌లెట్ల ద్వారా తెలుసు. అదే కంపెనీ పెడిగ్రీ అనే కుక్కల మేతను తయారు చేస్తుంది. 2017లో అది అమెరికాలో వందలాది జంతువుల ఆసుపత్రులున్న వి.సి.ఎ. అనే సంస్థను సుమారు 910 కోట్ల డాలర్లకు కొన్నది. మన సిద్దిపేట జిల్లాలో కూడా ఆ కంపెనీకి మేతల కర్మాగారం ఉన్నది. మేత పొట్లం మీది పదార్థాల పట్టీ చదివి చూడండి: తృణధాన్యాలు, సోయాచెక్క, కోళ్ళ పరిశ్రమలో మిగిలిన భాగాలు. మన రైతు పండించినదే ఆ పొట్లంలో ఉన్నది. కాబట్టి ఈ వ్యాపారాన్ని పల్లెకు సంబంధం లేనిదని తోసిపుచ్చనక్కరలేదు.

అయితే అంగడికి తనదైన స్వభావం ఒకటి ఉన్నది. బ్రిటన్‌లో 2013 నాటికి పశువైద్యశాలల్లో పదింట ఒకటి మాత్రమే పెద్ద కంపెనీల చేతిలో ఉండేది. పదేళ్ళు గడిచేసరికి ఆ వాటా సుమారు 60 శాతానికి చేరింది. ఫీజులు, మందుల ధరలు పెరిగాయన్న ఫిర్యాదుల మీద అక్కడి పోటీ వ్యవహారాల సంస్థ 2023లో పరిశీలన మొదలుపెట్టి, 2024లో పూర్తి విచారణకు దిగింది. ఇక మన సంగతి చూద్దాం. 2003 ప్రాంతంలో ఒక సెల్‌ఫోను కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లవాడి వెంట తిరిగే పగ్ జాతి కుక్క కనిపించింది. దాంతో ఊరూరా పగ్‌లకు గిరాకీ వచ్చింది. ముక్కు అణిగిపోయేటట్టు తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన జాతి అది. ఎండాకాలంలో గాలి ఆడక రొప్పుతుంది. మంచుదేశపు హస్కీ సంగతి సరేసరి. ఇబ్బందిని పుట్టించే జాతిని అమ్మేదీ అంగడే, ఆ ఇబ్బందికి మందు అమ్మేదీ అంగడే.

పాడి పశువు లెక్క

పల్లెలోనూ మార్పులు వచ్చాయి. వాటిలో చాలావరకు మంచివే. కృత్రిమ గర్భధారణ మా నాన్న చిన్నతనంలో వింత. ఇప్పుడు మామూలు విషయం. గోపాలమిత్ర ఇంటి ముందుకే వచ్చి సూది వేసి పోతాడు. కోడెదూడ పుడితే ఏం చేయాలో తోచని ఈ ట్రాక్టర్ల కాలంలో, పెయ్యదూడలే పుట్టేటట్టు వేరు చేసిన వీర్యం కూడా వచ్చింది. దానితో నూటికి సుమారు తొంభై పెయ్యలు పుడతాయి. ఎక్స్, వై క్రోమోజోములున్న వీర్యకణాల్లో డి.ఎన్.ఎ. పరిమాణం కాస్త తేడాగా ఉంటుంది. దానికి రంగు ఎక్కించి, లేజరు వెలుతురులో ఏ కణం ఎక్కువ మెరుస్తుందో చూసి వేరు చేస్తారు. మనం ప్రయోగశాలలో చదివే పాఠం మా కొట్టంలో పెయ్యదూడై గంతులు వేస్తున్నదంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

పశువు చెవికి పన్నెండు అంకెల పసుపు బిళ్ళ వచ్చింది. దాని టీకాలు, ఈతలు ఆ అంకె మీద కంప్యూటరులో నమోదవుతాయి. 1962 అనే నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ ఈ వాహనాలు మొదలయ్యాయి. లక్ష పశువులకు ఒక వాహనం చొప్పున ఉండాలన్నది కేంద్ర పథకం లెక్క. 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషను 5,000 పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని చెప్పింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాహనం వైద్యుడికి తోడే తప్ప ఆయనకు బదులు కాలేదని తెలుస్తుంది.

రైతు వైద్యానికి ఎంత ఖర్చు పెడతాడు? పిసినారితనం వల్ల కాదు గాని, అతడు ఒక లెక్క వేస్తాడు. కుక్కను పెంచేవారు దాని మీద ప్రేమకొద్దీ ఖర్చు పెడతారు. రైతుకూ గేదె మీద ప్రేమ ఉంటుంది. మా అమ్మ పేరు పెట్టి పిలవనిదే మా పెద్ద గేదె పాలు చేపదు. కాని ఆ పాల డబ్బులోంచే వైద్యం ఖర్చు రావాలి. పశువు విలువను మించిన వైద్యం అతనికి అందుబాటులో లేనట్టే. గొర్రె విషయంలో ఈ లెక్క మరీ కఠినం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో మొదటి స్థానం తెలంగాణది, రెండవది ఆంధ్రప్రదేశ్‌ది. రెండింటిలో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలున్నాయి. ఒక్కొక్క గొర్రెకు స్కానింగు తీయించే కాపరి ఎవరూ ఉండరు. మందకు మందకే నట్టల మందు తాగించాలి, మందకు మందకే చిటుకురోగానికి టీకా వేయించాలి. అంటే గొర్రె విషయంలో చికిత్సకంటె నివారణే అసలైన వైద్యం.

చెరువు కట్ట సూత్రం

నివారణ ఎందుకు అంగడిలో దొరకదు? మా ఊరి చెరువు కట్టను చూస్తే అర్థమవుతుంది. కట్ట గట్టిగా ఉంటే ఆయకట్టు మొత్తం తడుస్తుంది. కాని తన పొలం ఎదుట ఉన్న పది బారల కట్టను మాత్రమే బాగు చేసుకుని ఎవరూ నీళ్ళు దక్కించుకోలేరు. ఎక్కడ గండి పడినా అందరి నీళ్ళూ పోతాయి. అంటురోగాల టీకా సరిగ్గా ఇటువంటిదే. నా గేదెకు నేను టీకా వేయిస్తే నీ గేదెకూ కొంత మేలే. నీవు వేయించకపోతే నాకూ కొంత ముప్పే. ఎవరికి వారు ‘పక్కవాడు వేయిస్తాడులే’ అనుకుంటే కట్టకు గండి పడుతుంది.

ఈ కట్టను ప్రపంచమంతా కలిసి కట్టిన సందర్భం ఒకటి ఉన్నది. లియోన్ విద్యాలయం పుట్టడానికి కారణమైన పెద్దరోగమే అది. 1890 ప్రాంతంలో ఆఫ్రికాలో చొరబడి ఎన్నో ప్రాంతాల్లో నూటికి తొంభై వరకు పశువులను తుడిచిపెట్టింది. పశువుల మీద బతికే ప్రజలు కరువుపాలయ్యారు. మన దేశంలో 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకాలు వేసే మనుషులు ఊరూరా తిరిగారు. సరిహద్దుల్లో, సంతల్లో కాపు కాశారు. మన దేశంలో చివరి కేసు 1995లో కనిపించింది. 2006లో భారతదేశానికి ఆ వ్యాధి లేదని అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2011లో ప్రపంచం నుంచే ఆ రోగం తొలగిపోయినట్టు ప్రకటించారు. మానవుడు భూమి మీద లేకుండా చేసిన అంటురోగాలు రెండే రెండు: మనుషులకు వచ్చే మశూచి, పశువులకు వచ్చే ఈ పెద్దరోగం.

దీనికి శాస్త్రం మూడు విధాల తోడ్పడింది. ఆ వైరసుకు టీకా దృష్ట్యా ఒకే రకం ఉండడం. ఒక్క సూదితో జీవితాంతం రక్షణ కలగడం. కోలుకున్న పశువు వైరసును దాచుకుని తిరగకపోవడం. వాల్టర్ ప్లౌరైట్ ఆఫ్రికాలోని కెన్యాలో ఉండి తయారు చేసిన కణవర్ధనపు టీకా దీనికి ఆయుధం. తరువాత చల్లపెట్టె లేకుండా నెల రోజుల వరకు చెడకుండా ఉండే రకం టీకా కూడా వచ్చింది. దానిని సంచుల్లో పెట్టుకుని, పశువులు కాసుకునే ఊరివాళ్ళే శిక్షణ పొంది ఆఫ్రికా బయళ్ళలో టీకాలు వేశారు. ఈ పనిని ఏ కంపెనీ లాభం కోసం చేయలేదు. చేసి ఉండేది కూడా కాదు; రోగం పోయిన రోజున ఆ టీకాకు కొనేవాడే లేకుండా పోయాడు గదా!

గాలికుంటు, ముద్దచర్మం

మిగిలిన రోగాలు అంత సులువుగా లొంగవు. గాలికుంటునే తీసుకోండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి, చొంగ కారి, మేత మాని, పాలు ఎండిపోతాయి. పెద్ద పశువు చావదు. కాని మునుపటి పాడి తిరిగి రావడం కష్టం, ఎండలో రొప్పు మిగిలిపోతుంది. మన దేశంలో ఆ వైరసు ఓ, ఎ, ఏషియా-1 అని మూడు రకాలుగా తిరుగుతున్నది. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకొక రకాన్ని ఆపదు. టీకా బలం సుమారు ఆరు నెలలే. కనుక మూడు రకాలనూ కలిపిన టీకాను ఏడాదికి రెండుసార్లు వేయాలి. 2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం గాలికుంటు, ఈసుడు రోగాల అదుపు కోసం ఉచిత టీకాల జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఈసుడు రోగానికి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు ఒక్కసారి వేస్తే చాలు. ఆ రోగం పశువు చూలును పోగొట్టడమే గాక, పచ్చిపాల ద్వారా, ఈనేటప్పుడు చేయి పెట్టడం ద్వారా మనిషికీ అంటుతుంది. మాటిమాటికీ జ్వరం, కీళ్ళనొప్పులు అంటూ ఏళ్ళ తరబడి బాధపడే పశుపోషకుల్లో కొందరికి మూలం అదే కావచ్చును.

టీకా ఉచితమే, మరి రైతు ఎందుకు వెనకాడతాడు? మా ఊళ్ళో టీకాల రోజున గేదెలను తెల్లారకముందే మేతకు తోలుకుపోయేవాళ్ళు ఉన్నారు. సూది వేసిన తరువాత రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గుతాయి. పాలకేంద్రంలో ఆ రోజు లీటర్లు తగ్గడం కంటికి కనిపిస్తుంది. రాకుండా పోయిన గాలికుంటు మాత్రం ఎవరి కంటికీ కనిపించదు. పైగా టీకా సీసా తయారైన చోటు నుంచి పశువు మెడ దాకా 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ప్రయాణం చేయాలి. మధ్యలో ఎక్కడ వేడెక్కినా అది నీళ్ళతో సమానం. వేయించినా రోగం వచ్చిందంటే నమ్మకం చెడుతుంది. అందువల్ల టీకా పెట్టెలోని మంచుగడ్డ కూడా ఈ శాస్త్రంలో ఒక భాగమే.

కొత్త రోగాలు కూడా ఆగడం లేదు. ఒళ్ళంతా గడ్డలు లేచే ముద్దచర్మ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ వంటి చోట్ల ఆవులను పెద్ద ఎత్తున బలి తీసుకుంది. దోమలు, ఈగలు, పిడుదులు దానిని మోస్తాయి. దాని వైరసూ మేకల మశూచి వైరసూ దగ్గర చుట్టాలు. అందుచేత చేతిలో ఉన్న మేకల టీకానే ఆవులకు వాడి కొంత కాపాడగలిగారు. హిస్సార్, ఇజ్జత్‌నగర్ శాస్త్రజ్ఞులు ఆ ఏడే ప్రత్యేక టీకాను కూడా రూపొందించారు. ప్రభుత్వ పరిశోధనశాలలు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

చౌక మందు ఖరీదు

అంగడికి అందని మేలు ఉన్నట్టే, అంగడి లెక్కలోకి రాని కీడు కూడా ఉన్నది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు 1990ల్లో చాలా చౌకగా దొరకడం మొదలైంది. కుంటే ఎద్దుకు, జ్వరం వచ్చిన ఆవుకు ఒక సూది వేస్తే లేచి నిలబడేది. రైతుకు లాభం, వేసినవాడికి లాభం, కంపెనీకి లాభం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులకు మాత్రం మూత్రపిండాలు చెడిపోయేవి. 2004లో ఈ కారణం రుజువయింది. అప్పటికే తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిది పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ దాని స్థానంలో వచ్చింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని గమనించి, 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందులను కూడా పశువులకు వాడరాదన్నారు.

రాబందులు పోతే ఏమయింది? కళేబరాలు ఊరి బయట కుళ్ళాయి, నీళ్ళు చెడ్డాయి, ఊరకుక్కలకు మేత దొరికింది. ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, 2000 నుంచి 2005 వరకు రాబందులు లేకపోవడం వల్ల మన దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది మరణించి ఉంటారని అంచనా కట్టారు. కొన్ని రూపాయల సూది అసలు ధర సీసా మీద రాసి లేదు.

ఇటువంటిదే సూక్ష్మజీవినాశకాల సంగతి. మోటారుసైకిలు మీద సంచితో తిరిగి, చూసీ చూడకుండానే సూది వేసేవాళ్ళు పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. పొదుగువాపుకు సూది వేశాక కొన్ని రోజుల పాటు ఆ పాలు అమ్మకూడదు. ఆ మాట చెప్పేవాడు అరుదు. మా చిన్న గేదెకు అలా సూది వేసి పోయిన ఒకాయన ఏ మందు వేశాడో కూడా చెప్పలేదు. మందు పేరే తెలియనప్పుడు ఎన్నాళ్ళు ఆపాలో లెక్క ఎట్లా కట్టేది? ఆ పాలు పట్నం చేరతాయి. వాటితో పాటు మందుకు లొంగని సూక్ష్మజీవులు కూడా చేరవచ్చును. కోళ్ళ మేతలో కలిపే కొలిస్టిన్ అనే మందు మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆఖరి అస్త్రంగా వాడేది. అందుకనే 2019లో దానిని ఆహారానికి పనికివచ్చే జంతువుల్లో వాడకుండా నిషేధించారు.

రెండు దారులూ కలిసే చోటు

పట్నపు కుక్క, పల్లె గేదె, ఊరకుక్క, మనిషి – నలుగురూ కలిసే చోటు ఒకటి ఉన్నది: రేబీస్. లూయీ పాశ్చర్ 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి టీకా వేసి కాపాడాడు. అంటే నూటనలభై ఏళ్ళుగా మందు మన చేతిలో ఉన్నది. అయినా కుక్కకాటుతో జనం చనిపోతూనే ఉన్నారు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. మనుషులకు వచ్చే రేబీసులో నూటికి తొంభై తొమ్మిది వంతులు కుక్కల ద్వారానే వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా వేసి, ఏటేటా ఆ పాలు తగ్గకుండా చూస్తే వైరసు గొలుసు తెగిపోతుంది. అద్దాల ఆసుపత్రికి వచ్చే కుక్కలకు ఆ టీకా పడుతున్నది. వీధికుక్కకు ఎవరు వేయిస్తారు? గొర్రెల మంద వెంట తిరిగే కుక్కకు ఎవరు వేయిస్తారు? యజమాని ఎంత ఖర్చు పెట్టి పెంచినా, వీధిలో కట్టకు గండి పడితే ఆ ఇంటి పిల్లలకూ భయం తప్పదు. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబీసు మరణాలు లేకుండా చేయాలని 2021లో మన దేశం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. హైదరాబాదులో 1982లో గాలికుంటు టీకా కోసం జాతీయ పాడి అభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్, ఈనాడు పశువులకూ మనుషులకూ కూడా రేబీసు టీకాలు తయారు చేస్తున్నది. మందు మన గడ్డ మీదనే ఉన్నదన్నమాట. వేసే పూనికే కావాలి.

ఇక్కడ ప్రతి పాఠకుడూ గుర్తుంచుకోవలసిన మాట ఒకటి. కుక్క కరిస్తే పసుపో, కారమో, సున్నమో పెట్టకూడదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట సేపు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకాలు మొదలుపెట్టాలి, చివరిదాకా వేయించుకోవాలి.

విద్యార్థులుగా మనం

ఇదంతా చెప్పి, పెంపుడు జంతువుల వైద్యం వద్దని నేను అనడం లేదు. అక్కడ సంపాదించిన నేర్పు, పరికరాలు, టీకాలు నేడో రేపో పల్లెకూ చేరతాయి. పశువైద్య పట్టభద్రులు పట్నంలో ఆసుపత్రి పెట్టుకుంటే తప్పు పట్టలేం. వాళ్ళూ అప్పులు తీర్చుకోవాలి. అమెరికాలో కూడా పల్లెల్లో పశువులు చూసే వైద్యుల కొరత వచ్చింది. 2010 నుంచి అక్కడి ప్రభుత్వం, కొరత ఉన్న చోట పనిచేసే వైద్యుల చదువు అప్పును తానే తీరుస్తున్నది. అటువంటి ఏర్పాటును మనమూ ఆలోచించవచ్చును.

మన స్థాయిలో చేయగలిగిన పనులు కూడా లేకపోలేదు. జాతీయ సేవా పథకం శిబిరాలకు ఏటా పల్లెలకు వెళుతున్నాం. రోడ్డు ఊడ్చి, చెట్లు నాటి వస్తున్నాం. మంచిదే. వచ్చే శిబిరం తేదీని స్థానిక పశువైద్యుణ్ణి అడిగి టీకాల రోజుతో కలిపి పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది? ఇల్లిల్లూ తిరిగి ముందు రోజే చెప్పవచ్చు. చెవిబిళ్ళల అంకెలు రాసి పెట్టవచ్చు. పాలు రెండు రోజులు తగ్గి తిరిగి వస్తాయని, గాలికుంటు వస్తే తిరిగి రావని విడమరిచి చెప్పవచ్చు. ఆ మాట ఇంటి ఆడవాళ్ళతో తప్పక చెప్పాలి. గేదె నెమరు మానిందని, పాలలో విరుగు పడిందని మొట్టమొదట కనిపెట్టేది పాలు పితికే అమ్మే. పశువిజ్ఞాన సభలకు మాత్రం పిలుపు నాన్నకు వస్తుంది.

జీవశాస్త్ర విద్యార్థులు ప్రతి ఒక్కరూ పశువైద్యులు కానక్కరలేదు. సూదిమందు వేసినవాణ్ణి ‘ఇదేమి మందు, పాలు ఎన్నాళ్ళు ఆపాలి’ అని అడగగలిగితే చాలు. ఆ ప్రశ్న ఊళ్ళో పదిమందికి నేర్పితే ఇంకా మంచిది. కొనుక్కోగలిగిన వైద్యం ఎవరు అడగకపోయినా పెరుగుతుంది. కొనుక్కోలేనిది అడిగేవాళ్ళు ఉంటేనే నిలుస్తుంది. చదువుకున్న మనం ఆ అడిగేవాళ్ళలో ఉండాలి.